బర్డ్ ఫ్లూ: భయం కూర దగ్గర, జబ్బు కోసే చోట

మా ధూల్‌పేట్ అనగానే బయటివాళ్లకి గుర్తొచ్చేవి వినాయకుడి విగ్రహాలు, పతంగులు, గుడుంబా. కోళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. కానీ హైదరాబాద్‌లో చాలాచోట్ల లాగే ఇక్కడా చికెన్ అంటే బోనులో కోడిని చూపించి, కళ్లముందే కోయించుకోవడం. పురానాపూల్ దాటి చార్మినార్ దగ్గరికి వెళితే, మహబూబ్ చౌక్‌కి జనం పెట్టుకున్న పేరే ముర్గీ చౌక్!

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే చికెన్ ధర పడిపోయింది. ఉడికించి తింటే ఏమీ కాదని చెప్పడానికి చికెన్ మేళాలు కూడా పెట్టారు. మార్చిలో పల్నాడు జిల్లాకి చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. అది హెచ్5ఎన్1 అని పూణే వైరాలజీ సంస్థ నిర్ధారించింది. ఇంట్లో మాంసం కోస్తుండగా ఆ పాప పచ్చి ముక్క తిన్నదని పత్రికల్లో వచ్చింది.

మా ఉద్యోగంలో బగ్ వస్తే ముందు లాగ్‌లు తీస్తాం, అసలు ఎక్కడ మొదలైందా అని. ఈ జబ్బుకీ 1997 నుంచీ లాగ్‌లు ఉన్నాయి. ఆ ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి 6 మంది చనిపోయారు. తర్వాత వాళ్లని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లని పోల్చి చూస్తే తేడా కోడికూర తినడంలో కనపడలేదు. జబ్బు పడడానికి ముందు వారంలో బతికున్న కోళ్లు అమ్మే బజారుకి వెళ్లడంలో కనపడింది. ఆ డిసెంబరు చివర దాదాపు 15 లక్షల కోళ్లని చంపేశారు, ఆ విడత కేసులు ఆగిపోయాయి.

2006లో అజర్‌బైజాన్‌లో 8 మందికి సోకితే 5 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమందికి చచ్చిన హంసల ఈకలు పీకడం వల్ల అంటిందని తేల్చారు. అమెరికాలో 2024, 2025ల్లో 70 మందికి సోకితే, వాళ్లలో ఎక్కువమంది పాడి ఆవుల దగ్గరా, జబ్బు కోళ్లని చంపే పనిలోనూ ఉన్నవాళ్లే. ఎలా అంటిందో తేలని కేసులు కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ తేలినవాటిలో మళ్లీ మళ్లీ కనపడేది బతికున్న పక్షి, చచ్చిన పక్షి, ఈకలు, రెట్ట, పచ్చి మాంసం, పచ్చి పాలు. 70 డిగ్రీల వేడి దాటి బాగా ఉడికిన కూర మాత్రం కాదు.

మరి మనం చేసేదేంటి? కూర మానేస్తాం. షాపులో పొద్దుట్నుంచీ రాత్రిదాకా వట్టి చేతులతో కోసే కుర్రాడి గురించి ఆలోచించం. పెరట్లో కోడి ఉన్నట్టుండి చస్తే, పారేయడానికి ప్రాణం ఒప్పక కోసుకునే బీదవాళ్ల గురించీ ఆలోచించం. డబ్బులున్నవాడు నాలుగు వారాలు పప్పు తిని గడిపేస్తాడు. ఆ కుర్రాడికి బేరం పోతుంది, ముప్పు మాత్రం పోదు.

ఆ కుర్రాడికి గ్లౌజులు, మాస్కు ఇప్పించడం, జ్వరమొస్తే ఏ పని చేస్తాడో డాక్టరు అడగడం పెద్ద ఖర్చేమీ కాదు. మన వంతుగా, కోడి చస్తే ముట్టుకోకుండా పశువుల డాక్టరుకి చెబుదాం. ఇంట్లో మాంసం కడిగేటప్పుడు పిల్లల్ని అవతలకి పంపుదాం. చికెన్ మాత్రం బాగా ఉడికించుకుని హాయిగా తినండి.