శాసనంలోని సున్న

వరంగల్లును ఆనుకొని ఉన్న హనుమకొండలో వేయిస్తంభాల గుడిని కాకతీయ రుద్రదేవుడు కట్టించాడు. అక్కడి శాసనంలో కాలం తెలుగులో ఉన్నది: శక వర్షములు 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ 13. అనగా క్రీ.శ. 1163 జనవరి. ఈ సంఖ్యారీతిని ఐరోపాలో వ్యాపింపజేసిన ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ గ్రంథం 1202 నాటిది; ఈ శాసనానికి 39 ఏండ్లు చిన్నది.

ఆ శక సంవత్సరాన్నే నోటితో చెప్పి వ్రాయమంటే, చిన్నపిల్లలు 1000804 అని వ్రాయడం కద్దు. వెయ్యి, ఎనభై, నాలుగు అని విన్నది విన్నట్లే వ్రాస్తారు. పలుకులో వందల ఊసే లేదు. వ్రాతలో మాత్రం ఆ స్థానాన్ని సున్న కాపాడాలి. అది జారిపోతే 1084 కాస్తా 184 అవుతుంది. తొమ్మిది వందల ఏండ్లు మాయమవుతాయి!

మందలిస్తే ఈ తప్పు పోదు. పుల్లలను పదేసి కట్టలుగా, పది కట్టలను ఒక మోపుగా కట్టించాలి. నేలమీద మూడు గళ్ళు గీసి, మొదట ఒక మోపు, చివర నాలుగు విడిపుల్లలు పెట్టించాలి. నడిమి గడి ఖాళీ. ఆ ఖాళీకి గుర్తే సున్న, సంఖ్య 104. ఇది చేతితో చేసిన పిల్లవాడు శాసనంలోని 1084ను తడబడక చదువుతాడు.