కిల్టు ధరించు అధికారము : స్కాట్లండు చరిత్రనుండి ఒక పరిశీలనము

ఒక జాతి సంప్రదాయసిద్ధమైన దుస్తులను మఱియొక జాతివారు ధరింపవచ్చునా యను ప్రశ్న నేడు పలుచోట్ల వినవచ్చుచున్నది. ఈ చర్చలో సాధారణముగా రెండు పక్షములు కలవు. వేషము దానిని పుట్టించిన జాతి సొత్తు, అన్యులు దానిని ధరింపరాదని యొక పక్షము. బట్ట యంగడిలో దొరకు వస్తువు, వెల యిచ్చిన వారెల్లరును కట్టవచ్చునని రెండవ పక్షము. ఈ ఉభయులును తఱచుగా నుదాహరించునది స్కాట్లండు దేశపు కిల్టు. ఆ వస్త్రముయొక్క చరిత్రను నిదానముగా పరిశీలించినచో, ప్రశ్నను పై విధముగా వేయుటయే సరికాదేమో యని తోచును. దానిని ఎవరు ధరింపవచ్చునను విషయమును ఏ కాలమున ఎవరు నిర్ణయించిరి, ఆ నిర్ణయమువలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము కలిగినదని విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

స్కాట్లండునందు ఉత్తర పశ్చిమభాగము కొండసీమ. దానికి హైలాండ్సని పేరు. దక్షిణభాగము పల్లపుసీమ, అనగా లోలాండ్సు. కొండసీమవారి భాష గేలిక్. పల్లపుసీమవారి భాష ఆంగ్లమునకు దగ్గఱి చుట్టమైన స్కాట్సు. 18వ శతాబ్ది నడిమివఱకును పల్లపువారి దృష్టిలో కొండసీమవారు అనాగరకులు, పశువుల దొంగలు. వారి వేషమును అట్లే హేయము. నాటి వేషము నేటి కిల్టు వంటిది కాదు. కొన్ని గజముల పొడవుగల గళ్ల ఉన్నిబట్టను కుచ్చిళ్లు పెట్టి నడుమున పట్టీతో బిగించి, మిగిలిన పైభాగమును భుజముమీదికి తీసికొనెడివారు. పగలు అది దుస్తు, రాత్రి దుప్పటి. ఆ బట్టలోని క్రిందిసగమును మాత్రమే గ్రహించి, కుచ్చిళ్లు కుట్టి చేసినది నేటి కిల్టు.

ఈ చిన్న కిల్టును కల్పించినవాడు స్కాట్లండువాడే కాడని యొక వాదము కలదు. ఇవాన్ బెయిలీ యను నతడు 1768లో వ్రాయగా 1785లో ఎడింబరో పత్రికయందు ప్రకటింపబడిన లేఖలో, థామస్ రాలిన్సన్ అను ఇంగ్లీషు ఇనుపకొలిమి యజమాని గ్లెన్‌గారీ ప్రాంతమున తన పనివాండ్ర సౌకర్యమునకై దీనిని ప్రవేశపెట్టెనని కలదు. చరిత్రకారుడగు హ్యూ ట్రెవర్-రోపర్ 1983లో ఈ లేఖను ఆధారముగా గొని, కిల్టు ప్రాచీనత కల్పితమని వాదించెను. అంతకు పూర్వమే అట్టి వస్త్రము వాడుకలో నుండెనని ప్రతివాదులు చెప్పుదురు. ఈ వివాదము ఎట్లు తేలినను మన ప్రశ్నకు వచ్చు భేదము స్వల్పము. ఏలయన, 1746 నాటి శాసనము ఈ చిన్న కిల్టును పేరుపెట్టి నిషేధించినది. పుట్టించినవా డెవడైనను, ఒక తరము గడచునంతలో అది కొండసీమవారి గుర్తుగా స్థిరపడి, ప్రభుత్వము భయపడదగిన వస్తువైనదన్నమాట. వేషముపై జాతికి గల హక్కు దాని పుట్టుకవలన గాక, దానికై ఆ జాతి పడిన పాట్లవలన నేర్పడునని దీనినిబట్టి చెప్పవచ్చును.

ఆ పాట్లకు మూలము కలోడెన్ యుద్ధము. స్టూవర్టు వంశమును మరల సింహాసన మెక్కింపవలెనని తిరుగబడినవారి సేన 1746 ఏప్రిల్ 16వ తేదీన అచ్చట నశించినది. ఆ యేడే పార్లమెంటు చేసిన శాసనము, 1747 ఆగస్టు 1 మొదలు స్కాట్లండునందలి పురుషుడుగాని బాలుడుగాని కొండసీమ వేషమును ధరింపరాదని విధించెను. మొదటి తప్పునకు ఆఱు నెలల చెఱ. రెండవ తప్పునకు ఏడేండ్ల ద్వీపాంతరవాసము. ఈ నిషేధమునకు ఒక్క మినహాయింపు కలదు. రాజుగారి సేనలోని అధికారులకును సైనికులకును ఇది వర్తింపదు.

తిరుగుబాటులో చేరినవారు, చేరనివారు అను విచక్షణ ఈ శాసనమునకు లేదు. గేలిక్ కవి డంకన్ బాన్ మకింటైర్ ఇందుకు సాక్షి. అతడు 1724లో పుట్టినవాడు. చదువను వ్రాయను ఎఱుగనివాడు. 1746 జనవరిలో ఫాల్‌కర్క్ యుద్ధమున ప్రభుత్వపక్షముననే పోరాడినవాడు. అట్టివాని కిల్టును కూడ ప్రభుత్వము విప్పించినది. తాను తొడుగవలసివచ్చిన లాగును నిందించుచు అతడు కట్టిన పాట గేలిక్ సాహిత్యమున ప్రసిద్ధము. రాజునకు సేవచేసినవారికిని శత్రువులకును ఒకే శిక్షయా యనునది అందలి ఆక్రోశము. నిషేధము తొలగినపుడు సంతోషించి పాట కట్టినవాడును అతడే. చట్టమును చట్టముగా గాక ఒంటిమీది యవమానముగా నెఱిగినవాని మాటలగుటచే, ఈ రెండు పాటలకు చరిత్రకారుని దృష్టిలో శాసనప్రతులతో సమానమైన విలువ కలదు.

సైనికుల మినహాయింపు ఫలిత మేమి? తాతతండ్రుల వేషమును నిర్భయముగా ధరింపవలెనన్న కొండసీమ యువకునకు సేనలో చేరుటయే మార్గమైనది. 1757 మొదలు కొండసీమ దళములు విరివిగా నేర్పడి సామ్రాజ్యయుద్ధములకు తరలినవి. ఇంట నేరమైన బట్ట యుద్ధభూమిలో గౌరవచిహ్నమైనది. 1809లో ఇంకొక వింత జరిగెను. కొండసీమనుండి సైనికులు చాలినంతమంది దొరకనందున, దక్షిణమువారిని చేర్చుకొనుటకు కిల్టు అడ్డమగుచున్నదని ఆఱు హైలాండు దళములనుండి దానిని తొలగించిరి. ధరింపజేయుటయు, మాన్పించుటయు ప్రభుత్వావసరమును బట్టియే జరిగినవి.

1778లో లండను నగరమున నేర్పడిన హైలాండు సంఘముయొక్క కృషివలన 1782లో నిషేధశాసనము రద్దయినది. కాని అప్పటికి 35 ఏండ్లు గడచినవి. సామాన్యులు లాగులకు అలవాటుపడిరి. వేషము సంపన్నుల వేడుకగా మాఱినది. అప్పుడు నిజముగా దీనిని ధరింపదగినవా రెవరను తగవు బయలుదేఱెను. గ్లెన్‌గారీ ప్రభువగు మక్డానెల్ 1815లో నిజమైన హైలాండరుల సంఘమును స్థాపించెను. 1820లో ఎడింబరోలో నేర్పడిన కెల్టిక్ సంఘమున కొండసీమ రక్తము లేనివారు కిల్టులు కట్టుచున్నారని అతడు పత్రికాముఖమున నాక్షేపించెను. వేషపు శుద్ధికై ఇంత పట్టుదల చూపిన ఈ ప్రభువు ఎస్టేటునుండియే, గొఱ్ఱెల మేతకై భూములు పోగొట్టుకొని రైతులు వలసపోయిరి.

1822 ఆగస్టులో నాలుగవ జార్జి ఎడింబరోకు వచ్చినపుడు, సర్ వాల్టర్ స్కాట్ ఉత్సవనిర్వాహకుడై నగరమంతట గళ్లబట్టలు నింపెను. రాజు హైలాండు వేషమునకై 1,354 పౌన్ల 18 షిల్లింగులు వెచ్చించెను. అతనితోడనే లండను వర్తకుడు సర్ విలియం కర్టిస్ కూడ కిల్టు ధరించి పరిహాసపాత్రుడయ్యెను. మన దేశచరిత్రలో సుపరిచితుడగు మెకాలే 1855లో ప్రకటించిన తన ఇంగ్లండు చరిత్ర సంపుటమున, నూఱేండ్లకు పూర్వము స్కాట్లండువారే దొంగవేషముగా నెంచినదానిని రాజు గౌరవార్థము ధరించెనని ఎత్తిపొడిచెను. మెకాలే ఎత్తిపొడుపు సరసమైనదే. కాని అందు లోపించిన దొకటి కలదు. ఆ ఊరేగింపున సదర్లండు ప్రభ్వి పంపిన దళమును నడచెను. ఆ ప్రభ్వి ఎస్టేటులోనే 1811 మొదలు పదేండ్లలో వేలకొలది రైతులను ఇండ్లనుండి వెడలగొట్టిరి. వేషమునకు పట్టాభిషేకము, దానిని ధరించినవారికి దేశబహిష్కారము ఏకకాలమున జరిగినవి.

వంశమునకొక గళ్లనమూనా యను నియమమును ఈ కాలముననే స్థిరపడినది. 1815లో హైలాండు సంఘము, తమ తమ వంశపు నమూనాలను పంపుడని నాయకులను కోరగా, పెక్కుమందికి తమ నమూనా యేదో తెలియలేదు. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేతసంస్థ ఆ కొఱత తీర్చినది. మక్ఫర్సన్ వంశమునకు లభించిన నమూనా మొదట కేవల మొక సంఖ్యతో నుండెననియు, పిదప కిడ్ అను నతడు వెస్టిండీసులోని తన బానిసల దుస్తులకై దానిని కొన్నందున కిడ్ నమూనా యయ్యెననియు ట్రెవర్-రోపర్ తెల్పెను. బానిసకు కట్టబెట్టిన బట్టయే ప్రభువునకు వంశచిహ్నమైనది! మన చీరాల నేతవారు నేసిన తేలియా రుమాళ్లును అరబ్బుదేశములకు పోయి పరుల తలపాగలైనవి. నేసినవానికి అది జీవనము. అర్థము కల్పించినవాడు ధరించినవాడు.

నేడు స్కాట్లండునందు కిల్టు ధరించుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. 2008 నాటి చట్టముననుసరించి 2009లో ప్రారంభమైన నమూనాల పట్టిక వివరములను భద్రపఱచునదే కాని ధరించువారిని నియమించునది కాదు. బాల్మోరల్ నమూనా వంటివి రాజకుటుంబమునకు ప్రత్యేకించుట ఆచారము మాత్రమే. సిక్కుల, యూదుల, ముస్లిముల పేరిటను నేడు నమూనాలు కలవు. గ్లాస్గోలో పుట్టి పెరిగిన పంజాబీ యువకుడు తన వివాహమున కిల్టు కట్టినచో, అది పరుల వేషమనుట కష్టము.

సారాంశమిది. కిల్టును ఎవరు ధరింపవచ్చునను ప్రశ్నకు పార్లమెంటు, సేన, ప్రభువర్గము, వర్తకము వరుసగా సమాధానములు చెప్పినవి. ఏ పర్యాయమునను దానిని నిత్యము కట్టి పొలము దున్నినవానిని అడిగినవారు లేరు. కావున అన్యుడు ధరించుట దోషమా యని మాత్రమే విచారించుట చాలదు. ఏ వేషము ధరించినందుకు ఒకడు చెఱసాలకు పోయెనో, ఆ వేషమునే మఱియొకడు వేడుకకు ధరించునపుడు, మొదటివాని బ్రదుకు ఏమైనదని కూడ విచారింపవలెను. గ్లెన్‌గారీ ప్రభువునకు రక్తసంబంధము కలదు, వేషము కలదు, ఆ విచారము లేదు. లండను వర్తకుని చూచి నవ్వినవారు ఆ ప్రభువును చూచి నవ్వలేదు. చరిత్ర దృష్టితో చూచినచో, ఆక్షేపింపదగినవాడు వర్తకుడు కాడు.