గత్యంతరము

హైదరాబాదునకు పడమట, లింగంపల్లి రైలు స్టేషనునకు దాపున, గోపన్‌పల్లి యను గ్రామము కలదు. నేడది నగరములో కలిసిపోయినది. చుట్టును కంప్యూటరు కంపెనీల అద్దాల మేడలు లేచినవి. టాటా మౌలిక పరిశోధన సంస్థవారి హైదరాబాదు ఆవరణ ఆ గోపన్‌పల్లిలోనే యున్నది. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము దాని పొరుగుననే కలదు. అంతకు నూరేండ్లకు పూర్వము, 1874లో, వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు నిజాము రైలుమార్గము లింగంపల్లి మీదుగనే నడచినది. భౌతికశాస్త్రమును రైలుబండియు ఇంత చేరువగా నున్న చోటును తలచుకొని, నేనొక పాత మాట చరిత్రను చెప్పబూనితిని. ఆ మాట 'గత్యంతరము'.

'వేరు గత్యంతరము లేదు' అని మనము నిత్యమును వాడుచుందుము. (అందు పునరుక్తి యున్నదని పండితులు కోపగించుకొందురు గాక!) అచట గతి యనగా దారి. జ్యోతిర్గణితమున గతి యనగా నడక, వేగము, అంతరమనగా తేడా. రెండు వేగముల తేడాయే గత్యంతరము. నేడు బడిపిల్లలు 'సాపేక్ష వేగము' అని వల్లించు పాఠమున కిది పాత పేరు.

ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతమున రచించిన ఆర్యభటీయములో, గణితపాదమున, ఈ విషయమున కొక సూత్రము చెప్పెను. దాని సారమిది: రెండు వస్తువులు ఎదురెదురుగా వచ్చుచున్నయెడల వాని నడిమి దూరమును వేగముల మొత్తముచే భాగింపవలెను, ఆ మొత్తమునకు గతియోగమని పేరు. ఒకే దిక్కునకు పోవుచున్నయెడల గత్యంతరముచే భాగింపవలెను. అవి కలియు కాలము వచ్చును. ఏబది కిలోమీటర్ల యెడముగా రెండు బండ్లున్నవనుకొందము. ఒకటి గంటకు 60, రెండవది 40 కిలోమీటర్లు పోవును. ఎదురుగా వచ్చినచో అరగంటలో కలియును. వడిగలది వెనుక నుండి తరిమినచో రెండున్నర గంటలు పట్టును. ఆర్యభటుడు ఇంతటితో నాగలేదు. వచ్చిన కాలము గడచినదైనను కావచ్చును, రాబోవునదైనను కావచ్చును అని చేర్చెను. వడిగల బండి ముందే యున్నచో కలయిక ఎప్పుడో జరిగిపోయినదన్నమాట. ఇంత చిన్న సూత్రమున భూతభవిష్యత్తులు రెంటికిని చోటిచ్చిన యా చూపునకు నేనెన్నిమార్లు చదివినను అబ్బురపడుచుందును. పిమ్మట తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున బాటసారులు కలియు లెక్కలు వ్రాసెను. ఆ గ్రంథమునే మన పావులూరి మల్లన తెనిగించెను.

మీ యింటి పంచాంగమును తీసి చూడుడు. తిథి యనగా నేమి? అది చంద్రసూర్యుల గత్యంతరమే. చంద్రుడు నక్షత్రముల నడుమ దినమునకు సగటున 790 కళల 35 వికళలు నడచును. సూర్యుడు 59 కళల 8 వికళలు నడచునట్లు తోచును. తేడా 731 కళల 27 వికళలు. ఈ తేడా 720 కళలు, అనగా పండ్రెండు భాగలు, పెరిగినప్పుడెల్ల నొక తిథి గడచును. కావుననే తిథి సగటున అరువది గడియలు నిండక ఏబదితొమ్మిది గడియల చిల్లరగా నుండును. చంద్రుడు బయలుదేరిన చుక్క కడకే తిరిగి వచ్చుటకు 27 దినముల చిల్లర చాలును. అమావాస్య నుండి అమావాస్యకు మాత్రము 29న్నర దినములు పట్టును. ఏలన, ఆ లోపల సూర్యుడును ముందుకు జరిగియుండును. వానిని మరల అందుకొనవలెను. చంద్రుని నడక ఒకనాడు వడిగను, ఒకనాడు మెల్లగను ఉండుటచేతనే తిథులు సాగుచు కుదియుచు నుండుట.

ఇక అసలు వివాదమునకు వత్తును. ఆర్యభటుడే గోళపాదమున మఱొక మాట చెప్పెను. పడవలో ముందుకు పోవువానికి ఒడ్డున కదలక యున్నవి వెనుకకు పోవునట్లు తోచును. అట్లే కదలని నక్షత్రములు పడమటికి పోవునట్లు తోచుచున్నవి అని. అనగా తిరుగునది ఆకాశము కాదు, భూమి. ఈ మాట నాటివారికి రుచింపలేదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు, భూమి తిరుగునదైనచో ఎగిరిపోయిన డేగలు తమ గూండ్లకు మరలి రాజాలవు గదా యని ఆక్షేపించెను. బ్రహ్మగుప్తుడు 628 నాటి గ్రంథమున, భూమి తిరుగునెడల ఎత్తైనవేల కూలవని యడిగెను. ఆర్యభటుని వ్యాఖ్యాతలలో కొందరు ఆ శ్లోకమునకు వేరర్థము చెప్పి గురువును కాపాడబూనిరి!

డేగ ప్రశ్న తెలివితక్కువ ప్రశ్న కాదు. సమాధానము దొరకుటకు వేయేండ్లు పట్టినది. ఇటలీ దేశపు గెలీలియో 1632లో ప్రచురించిన గ్రంథమున, సాఫీగా సాగు ఓడ గదిలో నెగురు ఈగలు, సీతాకోకచిలుకలు గోడకు కొట్టుకొనవని చూపెను. అవియు, అందలి గాలియు ఓడ వేగమున పాలు పంచుకొనియే యున్నవి. లింగంపల్లిలో బండి యెక్కినవాడెవడైనను దీనిని పరీక్షింపవచ్చును. కుదుపు లేక బండి సమవేగమున పోవుచుండగా చేతిలోని గోలీని జారవిడిచినచో అది పాదముల కడనే పడును, వెనుక బల్ల మీద పడదు. డేగయు, గూడును, చెట్టును, గాలియు భూమితోడనే పయనించుచున్నవి. వాని నడుమ గత్యంతరము సున్న.

ఆర్యభటుని కాదన్న పండితులు గ్రహణములను ఎట్లు లెక్కింపగలిగిరని మీరడుగవచ్చును. ఇచటనే యున్నది చమత్కారము. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ బిజాపురము మీదుగా వచ్చి, గుంటూరు, మచిలీపట్నములను దాటి బంగాళాఖాతమున ప్రవేశించెను. ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్, ఆంగ్లేయుడైన టెనెంట్ గుంటూరునందును, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నమునందును దానిని పరిశీలించిరి. గుంటూరున చీకటి అయిదు నిమిషములకు మించి నిలిచెను. చంద్రుని నీడ గంటకు సుమారు 3,400 కిలోమీటర్ల వేగమున తూర్పునకు పరుగిడును. గుంటూరు నేలయు భూభ్రమణమువలన గంటకు సుమారు 1,600 కిలోమీటర్లు తూర్పునకే పోవుచున్నది. మిగిలిన గత్యంతరము 1,800. నీడ వెడల్పు 200 కిలోమీటర్లనుకొనినచో, నేల నిలిచియున్నయెడల చీకటి మూడున్నర నిమిషములే యుండవలెను. నేల కూడ పరుగిడుటచే ఆరున్నర నిమిషములకు మించును. ఇది సూర్యుడు నడినెత్తిన నున్నప్పటి లెక్క. ఉదయ సాయంకాలములందు నీడ ఏటవాలుగా పడుటచే మారును. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్–రంగాపురము వేధశాలకడ చీకటి రెండు నిమిషములకు కొంచెము మించి నిలిచినది; నాటి నీడ సన్నము, వేళయు పగటి మూడవ జాము దాటినది. నాడు తలుపులు బిగించుకొని లోపల కూర్చున్నవారు మీలోను ఉందురు.

భూమి నిలిచియుండగా ఆకాశమంతయు పడమటికి తిరుగుచున్నదనుకొందము. అప్పుడు నీడ కూడ ఆకాశముతోపాటు గంటకు 1,600 కిలోమీటర్లు వెనుకకు లాగబడును. 3,400 లో నుండి అది పోగా మరల 1,800. లెక్క మారదు! గ్రహణమునకు కావలసినది తేడా యొక్కటియే. కావున భూమి తిరుగునన్నవానికిని, తిరుగదన్నవానికిని గ్రహణవేళ ఒక్కటే వచ్చినది. పంచాంగము సరిపోవుచుండగా, పట్టుదల విడువవలసిన యవసరము మన పండితులకు కలుగలేదు. మన పూర్వులకు సర్వమును తెలియునని గర్వించువారును, ఏమియు తెలియదని పరిహసించువారును ఈ ఘట్టమును చూడవలెనని నా మనవి. సూత్రము వారి చేతిలో నున్నది. దానిని ఆకాశమున చక్కగా ప్రయోగించిరి. తమ కాలిక్రింది నేలకు మాత్రము ప్రయోగింప నొల్లరైరి.

తగవు తీర్చినది వేరొక సాధనము. 1851లో ఫూకో యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పారిసునందు పొడవైన తీగకు గుండును వ్రేలాడదీసి యూపెను. దాని యూగు దిక్కు గంటగంటకు మెల్లగా తిరుగుచున్నట్లు జనులు కన్నులార చూచిరి. చుక్కలను చూడనక్కరలేకయే గదిలోపల భూభ్రమణము కనబడినది.

గతియోగ సూత్రమునకు ఒక యెల్ల యున్నదని గూడ తరువాత తేలినది. అమెరికాలో మైకెల్సన్, మోర్లే యనువారు 1887లో వెలుగును పరీక్షించి, భూమి నడక దాని వేగమునకు కలియుటగాని తగ్గుటగాని కానరాదని కనుగొనిరి. 1905లో ఐన్‌స్టీన్ దీనికి సిద్ధాంతము చెప్పెను. సెకండునకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పోవు వెలుగునకు ఎదురేగినను, దానినుండి పారిపోయినను, వేగమంతయే కనబడును. లింగంపల్లి బండ్లకును, చంద్రుని నీడకును ఈ సవరణ లెక్కకు రానంత స్వల్పము. వానికి ఆర్యభటుని కూడికయు తీసివేతయు నేటికిని చాలును.