శనక్కాయ బీమా: ఏడాది లెక్కలో కనిపించనిది

ఒక ఊళ్లో గడ్డివాము అంటుకుంటే పక్క ఊళ్లోవి భద్రంగానే ఉంటాయి. అగ్ని బీమా నడిచేది ఈ ధీమా మీదే. వెయ్యిమంది కట్టిన ప్రీమియంతో పదిమంది నష్టం తీర్చి, ఏడాది చివర మిగులు చూపించవచ్చు. న్యూజిలాండ్ ప్రభుత్వం 1903లో చట్టం చేసి, 1905లో సొంత అగ్ని బీమా కార్యాలయం తెరిచింది. అలాంటి ఆఫీసు బాగోగులు ఏటేటి జమాఖర్చులు చూసి చాలావరకు తేల్చుకోవచ్చు. కానీ అనంతపురం జిల్లా కంబదూరులో వాన ముఖం చాటేస్తే ఒక చేను ఎండి మరొకటి మిగలదు. కళ్యాణదుర్గం, కుందుర్పి, సరిహద్దు దాటితే పావగడ, అన్నీ ఆ నెలలోనే మాడిపోతాయి. అందుకే ఇక్కడి పంటల బీమాను ఒక్క ఏడాది లాభనష్టాలతో తూచకూడదు. ప్రభుత్వాలు మాత్రం పథకం వెంట పథకం మార్చుతూ అలాగే తూచాయి.

వాన మీద బీమా అన్న ఆలోచన మనకు పరాయిది కాదు. కంబదూరు పొలిమేరల అవతలి మైసూరు సంస్థానంలోనే అది పుట్టింది. అక్కడి ప్రభుత్వ సేవలో ఉన్న జె.ఎస్. చక్రవర్తి 1915 నుంచి దీని గురించి రాస్తూ వచ్చి, 1920లో పుస్తకంగా తెచ్చారు. పొలం పొలానికీ వెళ్లి నష్టం కొలవడం కుదిరే పని కాదని, వర్షమాపకంలో పడిన వానను బట్టి పరిహారం ఇవ్వాలని ఆయన ప్రతిపాదన. 1876-78 నాటి మహా కరువును చూసిన నేల అది. అయినా ఆ ఆలోచన కాగితం మీదే ఉండిపోయింది.

స్వతంత్ర భారతంలో తొలి ప్రయత్నం 1972-73లో గుజరాత్ పత్తి మీద జరిగింది. తర్వాత అది శనక్కాయకూ, ఆంధ్రప్రదేశ్‌తో సహా మరికొన్ని రాష్ట్రాలకూ పాకింది. రైతు రైతుకూ విడిగా నష్టం కట్టే పద్ధతి అది. 1978-79 వరకు 3,110 మంది రైతులు చేరారు. వాళ్లు కట్టింది రూ. 4.54 లక్షలు, వాళ్లకు చెల్లించింది రూ. 37.88 లక్షలు. అంతటితో దాన్ని ఆపేశారు. ఆర్థికవేత్త వి.ఎం. దాండేకర్ సూచన మేరకు 1979లో ప్రాంతం మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకునే ప్రయోగం మొదలైంది. 1985లో అది సమగ్ర పంటల బీమాగా ఎదిగి, పంట రుణంతో ముడిపడింది. నూనెగింజలకు ప్రీమియం నూటికి ఒక్క రూపాయి. 1999 ఖరీఫ్ వరకు దేశమంతటా వసూలైన ప్రీమియం సుమారు రూ. 404 కోట్లు, చెల్లింపులు రూ. 2,300 కోట్లకు పైనే. అందులో సగానికి కాస్త తక్కువ ఒక్క గుజరాత్‌కే, ప్రధానంగా శనక్కాయకే వెళ్లింది. ఈ అంకెలు చూసి పథకం విఫలమైందన్నారు. నేను ఒప్పుకోను. నూటికి రూపాయి చొప్పున వసూలు చేసి మెట్ట శనక్కాయకు పూచీ పడ్డాక లోటు రాకుండా ఎలా ఉంటుంది? ఆ లోటు కరువు ప్రాంతానికి దేశం ఇచ్చిన ఆసరా. దాన్ని ఆసరా పద్దు కింద రాయకుండా బీమా నష్టం కింద రాశారు.

1999-2000 రబీలో జాతీయ వ్యవసాయ బీమా వచ్చింది. 2003 ఏప్రిల్ నుంచి దాన్ని ప్రభుత్వ రంగంలోని వ్యవసాయ బీమా కంపెనీ నడిపింది. శనక్కాయకు ప్రీమియం గరిష్ఠంగా 3.5 శాతం. చెల్లింపులు ఒక హద్దు దాటితే మిగతాది కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించాల్సి ఉండేది. కంపెనీ పుస్తకంలో లోటు తగ్గి ఖజానా పుస్తకంలోకి చేరింది. రాష్ట్రం వాటా ఆలస్యమైతే రైతు డబ్బు కూడా ఆలస్యమే. విత్తనం కొనాల్సిన జూన్ దాటిపోయాక వచ్చిన పరిహారం లెక్కల్లో చెల్లింపే, చేలో మాత్రం అక్కరకు రాదు.

అంతకన్నా పెద్ద అన్యాయం హామీ దిగుబడిలో ఉంది. గత ఐదేళ్ల సగటు తీసి, ముప్పు ఎక్కువున్న పంటకు అందులో 60 శాతానికే హామీ ఇచ్చేవారు. ఉదాహరణకు ఐదేళ్లలో హెక్టారుకు 1,000, 800, 300, 200, 200 కిలోలు పండాయనుకుందాం. సగటు 500, హామీ 300. ఈ ఏడు పంట కోత ప్రయోగాల్లో 310 కిలోలు తేలితే పైసా రాదు. పెట్టుబడి మాత్రం మునిగినట్టే. వరుస కరువులు హామీనే తినేస్తాయి. ఎక్కువ దెబ్బ తిన్న మండలానికి తక్కువ రక్షణ దక్కేది. అలాంటి ఏడాది కంపెనీ లెక్కలు మాత్రం కళకళలాడేవి.

తర్వాతి దశాబ్దంలో అనంతపురం శనక్కాయ వాతావరణ బీమా కిందికి మారింది. చక్రవర్తి చెప్పిన వర్షమాపకమే దాదాపు వందేళ్లకు ఈ పీఠభూమికి వచ్చింది. చెల్లింపు త్వరపడుతుందన్నారు. కానీ మాపకం దగ్గర వాన పడితే ఊడలు దిగే దశలో బెట్టకు గురైన దూరపు చేనుకు కూడా పడినట్టే లెక్క.

2016 ఖరీఫ్‌లో కేంద్రం తెచ్చిన ఫసల్ బీమా ఈ లెక్కల్లోని కొన్ని లోపాలు సరిదిద్దింది. మొదట్లో ఏడేళ్ల దిగుబడి తీసుకుని, రెండు విపత్తు సంవత్సరాల వరకు వదిలేసేవారు. రైతు వాటా ఖరీఫ్ నూనెగింజలకు 2 శాతం, మిగతా ప్రీమియం ప్రభుత్వాలది. తొలి ఏడాది దేశంలో సుమారు రూ. 22 వేల కోట్ల ప్రీమియానికి రూ. 17 వేల కోట్లలోపు చెల్లింపులు జరిగాయి. కంపెనీలు దోచుకున్నాయన్న విమర్శ వచ్చింది. మంచి వానల ఏడాది మిగలకపోతే కరువు ఏడాది ఎక్కడి నుంచి తెస్తారు? ఆ మిగులు రాబోయే కరువుకు నిధిగా ఉండిపోతుందా, లాభంగా బయటికి పోతుందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

2020లో ఆంధ్రప్రదేశ్ ఫసల్ బీమా నుంచి బయటికొచ్చి, రైతు వాటా లేని ఉచిత బీమాను తానే నడిపింది. ప్రీమియం లేని చోట బీమా ఖాతా ఉండదు, బడ్జెట్ పద్దే ఉంటుంది. 2022లో తిరిగి కేంద్ర పథకంలో చేరింది. 2024-25 రబీ నుంచి రైతు వాటా మళ్లీ మొదలైంది, చేరడం రైతు ఇష్టం.

ఇష్టానికి వదిలేసినప్పుడు రైతుకు లెక్కలు కూడా ఇవ్వాలి. కంబదూరు మండలంలో 1985 నుంచి ఏటా ఎంత కట్టారు, ఎంత వచ్చింది, ఏ నెలలో వచ్చింది అన్న పట్టిక రైతు సేవా కేంద్రం గోడ మీద ఉండాలి. కౌలు రైతుకు ఎంత అందిందో కూడా అందులో విడిగా చూపాలి.