కనిపించని కిరణములు – వైద్యులు నేర్చుకొన్న పాఠము



మన ఆసుపత్రుల చరిత్ర చెప్పుకొనేటప్పుడు కట్టిన వార్డులను, సేవచేసిన డాక్టర్లను తలచుకొంటాము. ఎక్స్‌రే గదిలో పనిచేసినవారిని తలచుకొనేది తక్కువ. నా చిన్నతనములో ఒక ఆసుపత్రిలో అటువంటి పెద్దాయన ఒకరుండేవారు. ఏడ్చే పసిబిడ్డలు కదలకుండా రోజూ తానే పట్టుకొని ఫిల్ము తీయించేవారు. ఆయన చేతులకు సీసపు తొడుగులు నేనెన్నడూ చూడలేదు. అవి అవసరమని ఆయనకు చెప్పినవారు లేరు. ఇటువంటి సంగతులు చెప్పవలసినవారు మొదట తాము నేర్చుకొనడానికి ఎంతకాలము పట్టినదో ఈ వ్యాసములో క్లుప్తముగా మనవి చేస్తాను.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గులో రాంట్‌జెన్ పండితుడు ఎక్స్‌రేను కనుగొన్నారు. కొద్ది నెలలలోనే అది లోకమంతటా వైద్యుల చేతికి వచ్చినది. కంటికి కనబడదు, ఒంటికి నొప్పి తెలియదు. కనుక హాని లేదనుకొన్నారు. అమెరికాలో ఎడిసన్ వద్ద పనిచేసిన క్లారెన్స్ డాలీ తన చేతులనే అడ్డుపెట్టి గొట్టములను పరీక్షించేవాడు. చేతులు పుండ్లుపడి, తీసివేయవలసివచ్చి, చివరకు 1904లో మరణించాడు. బోస్టనులో విలియమ్ రోలిన్స్ అనే దంతవైద్యుడు 1901లోనే ఈ కిరణములు గినీ పందులను చంపునని ప్రయోగము చేసి చూపి, గొట్టమును సీసముతో కప్పుమని హెచ్చరించాడు. విన్నవారు కొద్దిమందే. 1936లో హాంబర్గులో ఈ పనిలో ప్రాణములు కోల్పోయినవారికి స్మారకస్తంభము నిలిపినప్పుడు దానిపై 169 పేర్లు చెక్కవలసివచ్చినది.

1921లో బ్రిటనులో ఏర్పడిన కమిటీ కొన్ని నియమములు వ్రాసినది: ఎక్స్‌రే పనివారు రోజుకు 7 గంటలకు మించి పనిచేయరాదు, ఆదివారము, వారములో మరి రెండు అరపూటలు సెలవు ఉండవలెను, ఏటా ఒక నెల విశ్రాంతి ఇవ్వవలెను. 1928లో స్టాక్‌హోములో అంతర్జాతీయ సంఘము ఏర్పడినది. తక్కువ సమయము, ఎక్కువ దూరము, మధ్యన సీసపు అడ్డు – ఈ మూడే పాఠములో ముఖ్యాంశములు. దూరము రెండింతలైతే కిరణముల తీవ్రత నాలుగవ వంతుకు తగ్గుతుంది.

అయితే ఇవి చాలవరకు పనివారి కొరకైన నియమములు. రోగి సంగతి? 1956లో ఆక్స్‌ఫర్డుకు చెందిన డాక్టర్ ఆలిస్ స్టూవర్ట్, క్యాన్సరుతో చనిపోయిన పిల్లల తల్లులను విచారించి, గర్భిణిగా ఉన్నప్పుడు పొట్టకు ఎక్స్‌రే తీయించుకొన్నవారు వారిలో ఎక్కువగా ఉన్నారని తెలియజేశారు. అనేకమంది వైద్యులు చాలాకాలము దానిని అంగీకరించలేదు.

మన దక్షిణదేశములో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల స్థాపకురాలి మేనకోడలు డాక్టర్ ఐడా బి. స్కడర్ అక్కడి ఎక్స్‌రే విభాగమునకు అంకితమై పనిచేశారు. 1983లో భారత ప్రభుత్వము అణుశక్తి నియంత్రణ మండలిని స్థాపించినది. ఎక్స్‌రే యంత్రముల భద్రత దాని పరిధిలోనిదే.

చట్టము వచ్చినంత మాత్రాన పాఠము పూర్తికాలేదు. 2003లో బ్రిటనులో 130 మంది వైద్యులను ప్రశ్నించగా, అధికసంఖ్యాకులు తాము వ్రాసే పరీక్షలలోని కిరణముల మోతాదును తక్కువగా అంచనా వేశారు. అల్ట్రాసౌండులోను ఈ కిరణములుంటాయని తలచినవారు కూడా కొందరున్నారు. 2012లో జర్మనీలోని బాన్ నగరములో సమావేశమైన నిపుణులు వైద్యులకు ఈ శిక్షణను బలపరచవలెనని పిలుపునిచ్చినది ఇందుకే.

కాబట్టి మనకు కూడా బాధ్యత కలదు. "ఒక ఫోటో తీయించండి డాక్టరుగారూ" అని మనమే ఒత్తిడి చేయవద్దు. పాత ఫిల్ములు దాచి తీసుకొనివెళ్ళండి. గర్భవతులైన సహోదరీలు ముందుగానే ఆ సంగతి తెలుపవలెను. "ఇది అవసరమా?" అని మర్యాదగా అడుగుటలో తప్పులేదు. అవసరమని వైద్యులు చెప్పినప్పుడు మాత్రము భయపడి మానవద్దు. క్షయను, విరిగిన ఎముకను చూపి ఎందరి ప్రాణములనో నిలిపినది కూడా ఈ కిరణములే. బిడ్డను పట్టుకొనవలసివస్తే తొడుగులు, సీసపు కోటు అడిగి వేసుకొనండి. ఆ పెద్దాయనకు ఎవరూ చెప్పని మాట ఇది. మనము ఒకరికొకరము చెప్పుకొందాము.