బండి ఇరుసు నుండి బ్రేకు డిస్కు వరకు

చక్రము మానవుని మహత్తరమైన కల్పనలలో ఒకటియని అందరును చెప్పుదురు. కాని చక్రమున్నంత మాత్రమున బండి కాదు. అది అరగకుండ తిరుగవలెను. నిలుపవలసిన చోట నిలువవలెను. చక్రమును గూర్చి గ్రంథములు కొల్లలుగా వెలసినవి. ఈ తిరుగుటను, నిలుచుటను గూర్చి చెప్పువారు మాత్రము తక్కువ. అరగకుండ తిరుగునట్లు చేయు సాధనమునకు నేటి మోటారు భాషలో బేరింగనియు, నిలుపు సాధనమునకు బ్రేకనియు పేర్లు. పాత కారునకు వెనుక చక్రముల బ్రేకు డిస్కులను, బేరింగులను మార్చుట నేడు చిన్న ఊళ్ల షెడ్డులలో సైతము జరుగు పని. ఒక పూటలో ముగియు ఆ పనికి వెనుక రెండు వందల ఏండ్లకు మించిన చరిత్ర కలదు. దానిని సంగ్రహముగా శ్రోతల ముందుంచుట మా ఉద్దేశము.

ఈ చరిత్రను ఎక్కడినుండియైనను ఆరంభింపవచ్చును. మేము గంభీరావుపేట నుండి ఆరంభించుచున్నాము. ఇది 2016 అక్టోబరు 11 వరకు కరీంనగరు జిల్లాలోనిది. నాటి నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. ఈ మండలమందలి నర్మాల వద్దనే ఎగువ మానేరు జలాశయమున్నది. పొరుగుననే మరమగ్గముల పట్టణమైన సిరిసిల్ల. ఇట్టి సీమలో తరతరములుగా ధాన్యమును, మనుష్యులను మోసినది ఎద్దుబండి. ఆ బండి చక్రమును చేయుటకు ఇద్దరు పనివారు కావలసియుండెను. వడ్రంగి నడుమ కుండను తొలిచి, ఆకులు దిగగొట్టి, వంపు చెక్కలను చుట్టును కూర్చెడివాడు. కమ్మరి ఇనుప పట్టాను పిడకల నిప్పుపై ఎఱ్ఱగా కాల్చి, వేడితో సాగియున్నప్పుడే చక్రమునకు తొడిగి నీళ్లు పోసెడివాడు. ఇనుము చల్లారి ముడుచుకొనగా చెక్కలన్నియు ఒక్కటిగా బిగిసెడివి. ఈ కిటుకును శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో మరల పని పడును.

ఇక ఇరుసు. ఇరుసుపై కుండ తిరుగునప్పుడు రాపిడి పుట్టును. రాపిడి వలన వేడి, వేడి వలన అరుగుదల. దీనికి మన పెద్దలు కనుగొన్న ఉపాయము కందెన. కాల్చిన వరిగడ్డి మసిని ఆముదముతో కలిపి, వెదురు గొట్టములో నింపి బండికి వ్రేలాడదీసెడివారు. కరణమును అనుసరింపవలసిన ఆవశ్యకతను చెప్పుచు సుమతీ శతకకర్త ఇరుసు కందెననే ఉపమానముగా గ్రహించినాడన్నచో, అది మన జనజీవనమున ఎంతగా కలిసిపోయినదో ఊహింపవచ్చును. కాని మన బండికి బ్రేకు మాత్రము అంతగా లేదు. వాలు దిగునప్పుడు బరువంతయు కాడిమీదకు వచ్చి ఎద్దుల మెడపై పడెడిది. నిలుపు భారము యంత్రమునది కాదు, పశువుది.

కందెన రాపిడిని తగ్గించునే కాని తొలగింపజాలదు. జారు దానికంటె దొర్లు దానికి రాపిడి తక్కువయను సత్యము ప్రాచీనులకు తెలియును. పెద్ద బండలను దుంగలపై దొర్లించినది ఆ ఎరుకతోనే. దానిని ఇరుసులోనికి తెచ్చినవాడు వేల్సు దేశపు కార్మార్థెన్ నగరవాసియైన ఫిలిప్ వాన్. ఇనుప పని చేయించు ఈతడు 1794లో బండి ఇరుసునకును కుండకును నడుమ లోహపు గుండ్లు దొర్లునట్లు చేసి హక్కుపత్రము పొందెను. 1869లో ప్యారిసు నగరపు సైకిలు పనివాడు జూల్ సురిరే ఆ యుక్తిని సైకిలు చక్రమునకు పట్టించెను. ఆ ఏటి నవంబరు 7న ప్యారిసు నుండి రూవాన్ వరకు జరిగిన పందెమున అట్టి సైకిలెక్కిన జేమ్స్ మూర్ విజయము పొందెను. అయినను గుండ్లన్నియు ఒకే పరిమాణమున లేనిచో బరువంతయు పెద్ద గుండ్లపైననే పడి అవి త్వరలో చెడును. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణమున ఫ్రీడ్రిక్ ఫిషర్ 1883లో ఉక్కు గుండ్లను సమానముగా సానపట్టు యంత్రమును నిర్మించిన పిమ్మటనే బేరింగు పరిశ్రమ వేరూనినది. మూల తిరుగునప్పుడు చక్రముపై ప్రక్కనుండి పడు ఒత్తిడిని తట్టుకొనుటకు అమెరికాలోని బండ్ల తయారీదారు హెన్రీ టిమ్కెన్ 1898లో ఒకవైపు సన్నగిలిన రోలర్ల బేరింగును వెలయించెను.

ఈ కథలో సిరిసిల్ల వారికి ఆత్మీయముగా తోచు ఘట్టమొకటి కలదు. స్వీడను దేశమున గోటెన్‌బర్గు నగరపు బట్టల మిల్లులో స్వెన్ వింగ్‌క్విస్ట్ అను ఇంజనీరు యంత్రముల మరమ్మతు చూచుచుండెను. మెత్తని బంకమట్టి నేలపై కట్టిన ఆ మిల్లు కొంచెము కొంచెముగా క్రుంగగా, మగ్గములను నడపు పొడవైన షాఫ్టులు వంకరలై బేరింగులు మాటిమాటికి చెడుచుండెను. షాఫ్టు కొంత వంగినను దానికి అనుగుణముగా తానే సర్దుకొను రెండు వరుసల గుండ్ల బేరింగును ఆతడు 1907లో నిర్మించెను. దాని ఆధారముననే ఎస్.కె.ఎఫ్. సంస్థ ఆవిర్భవించినది. మన దేశమున జయపురములో 1946లో బేరింగుల కర్మాగారము స్థాపితమైనది. బండివాని అవసరము, సైకిలువాని ఉత్సాహము, నేతశాల కష్టము ఈ మూడును కలిసి నేడు కారు చక్రములో దాగిన బేరింగును నిర్మించినవి.

నిలుపు సాధనము చరిత్ర కూడ బండ్లతోడనే ముడిపడియున్నది. ఇంగ్లండులోని డెర్బీషైరు కొండసీమలో రైతులు వాలు దిగునప్పుడు బండి బ్రేకు చెక్కలకు పాత బూట్ల తోలును తొడుగుట హెర్బర్ట్ ఫ్రూడ్ చూచెనట. ఆ పరిశీలన నుండి ఆతడు 1897లో బ్రేకు పూతల పరిశోధనకు పూనుకొనెను. ఫెరోడో సంస్థకు అదియే అంకురము. 1902లో ఫ్రాన్సున లూయీ రెనో డ్రమ్ము బ్రేకును, అదే సంవత్సరము ఇంగ్లండున ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకును ముందుకు తెచ్చిరి. డ్రమ్ము బ్రేకున తిరుగు డొల్ల లోపల రెండు షూలు విచ్చుకొని ఒరయును. డిస్కు బ్రేకున తిరుగు పళ్లెమును ఇరువైపుల నుండి ప్యాడులు బిగించి పట్టును. లాంచెస్టరు ప్యాడులు రాగివి. అవి భరింపరాని కీచుధ్వని చేయుచు, ఆనాటి దుమ్ము బాటలలో త్వరగా అరిగిపోయెడివి. అందువలన డిస్కు సుమారు అర్ధశతాబ్దము మరుగున పడి, డ్రమ్ము రాజ్యమేలినది.

1953లో ఫ్రాన్సులోని లమాన్ యందు జరిగిన 24 గంటల పందెముతో పరిస్థితి మారినది. డన్‌లప్ వారి డిస్కు బ్రేకులు తొడిగిన జాగ్వారు కారు ఆ పందెము గెలిచెను. దాని సగటు వేగము గంటకు సుమారు 170 కిలోమీటర్లు. ప్రత్యర్థులు మలుపునకు చాల ముందుగనే వేగము తగ్గింపగా, ఈ కారు మలుపు చేరువ వరకు వచ్చి బ్రేకు వేయగలిగెను. గెలిపించినది పరుగు మాత్రమే కాదు, నిలుపు కూడ. 1955లో సిట్రోయెన్ సంస్థ డి.ఎస్. కారు ముందు చక్రములకు డిస్కులను అమర్చినది.

మన సీమకు వత్తము. హైదరాబాదు రాజ్యమున 1932 జూన్‌లో నిజాము రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైనది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. బస్సుతోపాటు డిపో, డిపోతోపాటు మెకానిక్కు వచ్చిరి. వడ్రంగి, కమ్మరి చేసిన పని క్రమముగా వీరి చేతికి వచ్చినది. కారులలో 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు చిరకాలము నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులతోనే నడచినది. పిమ్మట ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు సామాన్యమైనవి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగును గనుక వెనుక చక్రములు చేయు పని తక్కువ. కావున వెనుకకు డిస్కు ఆలస్యముగా వచ్చినది. నాలుగింటికిని డిస్కులున్న కార్లు నేడు పాతబడి మన ఊళ్ల షెడ్డులకు వచ్చుచున్నవి.

బ్రేకు చేయు పని యెంతటిదో ఒక లెక్క వలన తెలియును. 1,000 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు దానియందలి చలనశక్తి సుమారు 1,39,000 జౌళ్లు. ఒక లీటరు నీటిని 33 డిగ్రీల మేర వెచ్చజేయుటకు ఇది చాలును. కారు నిలిచినప్పుడు ఈ శక్తియంతయు వేడియై బ్రేకులలో చేరవలెను. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగింతలగును. డ్రమ్ము వేడెక్కినప్పుడు వ్యాకోచించి షూలకు దూరమగును. తెరచియున్న డిస్కు గాలికి త్వరగా చల్లారును. అరిగి పలుచనైన డిస్కు ఆ వేడిని భరింపజాలదు. అందువలననే కనీస మందము డిస్కుమీదనే ముద్రింపబడియుండును. అంతకు తగ్గినచో ఎంత నునుపుగా కనబడినను మార్చవలసినదే. మార్చునప్పుడు ఒకేసారి రెండు వైపులను మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి పాతదియైనచో బండి ఒక ప్రక్కకు లాగును.

బేరింగు చెడుట చెవికి తెలియును. వేగముతోపాటు హెచ్చు తగ్గు ఒక విధమైన హోరు పుట్టును; చక్రము నెత్తి పట్టి ఊపినచో కదలును. కొన్ని ఫ్రెంచి కార్లలో వెనుక డిస్కునందే బేరింగు బిగింపబడియుండును గనుక రెండును ఒక్కసారియే మారును. మరికొన్నింటియందు పాత బేరింగును ప్రెస్సుతో ఊడదీసి క్రొత్తదానిని దిగవేయుదురు. బయటి వలయమును కుండలోనికి దింపునప్పుడు బలము ఆ వలయముపైననే పడవలెను. లోపలి వలయముపై సుత్తితో కొట్టినచో దెబ్బ గుండ్ల గుండ పోయి వాని దారులలో గుంటలు పడును; క్రొత్త బేరింగు అనతికాలముననే హోరెత్తును. పెద్ద బేరింగులను షాఫ్టునకు తొడుగుటకు ముందు యంత్రశాలలలో సుమారు 100 డిగ్రీల వరకు వేడిచేయుదురు. అది సాగి సులభముగా ఎక్కి, చల్లారి బిగియును. పిడకల నిప్పుపై పట్టాను కాల్చిన కమ్మరి కిటుకు ఇదియే. పనిముట్లు మారినవి, సూత్రము మారలేదు.

పని క్రమమున మరచిపోరానివి మరికొన్ని కలవు. కారును జాకీ ఒక్కదానిపై నిలిపి క్రింద దూరరాదు. దృఢమైన స్టాండ్లపై నిలుపవలెను. క్యాలిపరును రబ్బరు గొట్టమున వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. చేతిబ్రేకు కలిసియున్న వెనుక క్యాలిపరు పిస్టనును బలముగా నొక్కక, అనేక కార్లలో త్రిప్పుచు లోనికి పంపవలెను. క్రొత్త డిస్కుపై తుప్పు పట్టకుండ పూసిన నూనెను తుడిచివేయవలెను. నట్టును చెప్పిన బిగువు మేరకే బిగింపవలెను. అంతయు ముగిసిన పిమ్మట కదలుటకు ముందు, పెడలు గట్టిపడు వరకు పలుమార్లు త్రొక్కవలెను. ఇది మరచినచో మొదటి త్రొక్కునకు పెడలు నేలనంటునే కాని బండి నిలువదు.

ఇంకొక హెచ్చరిక. బ్రేకు పూతలలో చిరకాలము ఆస్బెస్టాసు నార వాడబడినది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలగా బ్రిటను 1999లో నిషేధించినది. పాత కారు బ్రేకు ధూళిలో ఏమున్నదో కంటికి తెలియదు గనుక దానిని నోటితోగాని, గాలిగొట్టముతోగాని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. షెడ్డులో పనిచేయు పిల్లవాని ఊపిరియు ఈ లెక్కలోనిదే.

ఎద్దుబండి కాలమున కందెన వేయని ఇరుసు మొరపెట్టెడిది. నిలుపలేని బండి భారము ఎద్దు మెడపై పడెడిది. నేడు ఆ భారము బండిలో కూర్చున్నవారిపైనను, బాట దాటు పిల్లలపైనను పడుచున్నది. అందుచేత, అరిగిన డిస్కు ఇంకొక నెల నడుచునని చెప్పుటయు, చౌకయని నకిలీ బేరింగు కొనుటయు పొదుపు కాదు. క్రొత్త కారు కొనలేనివాడు పాత కారు నడుపుట తప్పు కాదు. దాని చక్రము చక్కగా తిరుగునట్లును, వేళకు నిలుచునట్లును చూచుకొన్నచో అది ఇంకను అనేక సంవత్సరములు నమ్మకముగా సేవ చేయును. చక్రముపై చేయి వేసిన పనివాడు ఆ బండిలో పోవువారి ప్రాణములపై చేయి వేసినట్లే. నాటి కమ్మరికిని, నేటి మెకానిక్కునకును ఈ విషయమున భేదము లేదు.