డౌర తెలుగా, మరాఠీయా? ఒక మాట మా గ్రూపుకు నేర్పిన పాఠం

రెండేండ్ల కింద మా ఉప్పర్వాహి తెలుగు ఇండ్లవాళ్ళ కోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు మొదలుపెట్టాను. ఉద్దేశం చిన్నదే. మా అవ్వలు, తాతలు మాట్లాడే పాత మాటలను ఒక్కచోట జమ చెయ్యాలి. ఊళ్ళో ఉన్నవాళ్ళు, పెండ్లయి ఆసిఫాబాద్ దిక్కు పోయిన ఆడబిడ్డలు, బల్లార్షాలో, చంద్రపూర్‌లో, హైదరాబాద్‌లో నౌకరీ చేసేవాళ్ళు, అందరూ చేరారు. నెల తిరగకముందే వంద మంది దాటారు. నాకు మస్తు ఖుషీ అయింది.

మూడో నెలకల్లా అంతా చప్పబడ్డది. పొద్దున పూల బొమ్మ, పండుగకు దీపాల బొమ్మ, అంతే. ఎందుకిట్ల అయిందో చాన్నాళ్ళు నాకు తెల్వలేదు. తెలిసినంక తల దించుకున్నాను. కారణం నేనే.

జరిగింది ఇది. పత్తి చేన్లలో కలుపు పనులు నడుస్తున్న రోజులు. వరుసకు నాకు కాక అయ్యే ఒకాయన గొంతుతోనే ఒక మెసేజ్ పంపాడు. "పొద్దుగాల్నే డౌర కొట్టొచ్చిన బిడ్డా. ఎడ్లు అలిసినయ్. నువ్వు మాటలు అడుగుతున్నవ్ గదా, ఇగో రాసుకో" అని నాలుగైదు మాటలు చెప్పాడు. నేనేమో, "కాకా, డౌర తెలుగు కాదు, మరాఠీ. తెలుగుల గుంటుక అంటరు" అని రాసి, పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టాను. ఇంకో నలుగురు కూడా నవ్వు బొమ్మలు పెట్టారు. కాక ఆ తర్వాత నోరు విప్పలేదు. ఆయనొక్కడే కాదు, అది చూసిన పెద్దవాళ్ళెవరూ మళ్ళీ మాట్లాడలేదు.

ఎరుకలేనివాళ్ళకు చెప్తున్నాను, డౌర అంటే ఎడ్లను కట్టి పత్తి సాళ్ళ నడుమ కలుపు తీసే పనిముట్టు.

మా మాట ఎక్కడిది

ఉప్పర్వాహి ఇప్పుడు చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలో ఉన్నది. పక్కనే గడ్‌చాందూర్. బయటివాళ్ళకు ఈ దిక్కు తెలిసేది సిమెంటు ఫ్యాక్టరీలతోనే. కానీ ఇదంతా పాత రాజురా తాలూకా. 1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాలను భాషల మీద విడగొట్టినప్పుడు బొంబాయి రాష్ట్రంలో కలిపి నాందేడ్ జిల్లా కింద పెట్టారు. 1959లో చాందా జిల్లాకు మార్చారు. మరుసటి ఏడాది మహారాష్ట్ర ఏర్పడ్డది. మా తాత ఒక్క ఇంట్లోనే ఉండి ఇన్ని సర్కార్లను చూశాడు. ఇంట్ల తెలుగు, చేన్ల సగం తెలుగు సగం మరాఠీ, కచేరీల ఉర్దూ, గుట్టల మీద గోండి, కొలామి. మా మాట ఇట్ల తయారైంది.

వార్ధా నదికి అవతల, బ్రిటిష్‌వాళ్ళ చాందా జిల్లాలో కూడా తెలుగు ఉండేది. గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటం 1906లో వచ్చింది. అందులో చాందా తెలుగులో సాలెవాళ్ళ మాటను సాలేవారీ అని, కోమట్ల మాటను కోమ్టావు అని వేరే వేరే పేర్లతో రాశారు. అంటే నూరేండ్లకు ముందే ఇక్కడి తెలుగు ఒక్క తీరుగా లేదు. కులానికో తీరు, పనికో తీరు. ఆ సర్వే వాటిని తప్పు తెలుగు అని పక్కన పడెయ్యలేదు, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టింది. నేను చెయ్యాల్సింది కూడా అదే. చెయ్యలేదు.

1921లో ఒక సభ

ఒక్క నవ్వుకు ఎంత బలం ఉంటదో మన చరిత్రలోనే ఉన్నది. 1921 నవంబరులో హైదరాబాద్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడితే విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసింది, ఎగతాళి చేసింది.

ఇది మరాఠీవాళ్ళ మీద కోపంతో చెప్పడం లేదు. నా చదువు మరాఠీలోనే అయింది, నా దోస్తులు మరాఠీవాళ్ళే. చెప్పదలచుకున్నది తర్వాత జరిగిన దాని గురించి. ఆ అవమానం పడ్డ కొద్దిమంది అదే రాత్రి కూర్చొని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు లాంటివాళ్ళు దాన్ని నడిపారు. వాళ్ళు మొదట చేసిన పనులు చూస్తే అన్నీ చిన్నవే. ఊళ్ళలో గ్రంథాలయాలు పెట్టడం, శాసనాలు, తాళపత్రాలు వెతకడం. అంటే ప్రతి ఊరిలో ఒక మనిషి చెయ్యగలిగిన పని. తొమ్మిదేండ్లకు, 1930లో, జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి.

ఆయన చేసిన ఇంకో పని మనకు ఇంకా దగ్గర. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, సురవరం తన గోలకొండ పత్రికలో కవులందరినీ పద్యాలు, వివరాలు పంపమని అడిగాడు. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చయినప్పుడు అందులో 354 మంది కవులు ఉన్నారు. వీళ్ళందరూ అంతకుముందు కూడా ఉన్నవాళ్ళే. కానీ ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒంటరిగా ఉన్నారు. ఒక మనిషి అడిగాడు, పంపింది అచ్చు వేశాడు. అప్పుడు గాని తాము ఇంతమందిమని వాళ్ళకే తెలియలేదు.

తెలుగు అక్షరం లేని కంప్యూటర్ల మీద

ఇదే కథ డెబ్బై ఏండ్లకు కంప్యూటర్ల మీద మళ్ళీ నడిచింది. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్ళకు ఒకరితో ఒకరు తెలుగులో మాట్లాడుకోవాలని ఉండేది, కంప్యూటర్‌లో మాత్రం తెలుగు అక్షరం లేదు. హ్యూస్టన్ రైస్ విశ్వవిద్యాలయంలో రామారావు కన్నెగంటి, ఆనంద్ కిశోర్ ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడితే దాన్ని తెలుగు లిపిలోకి మార్చే రిట్ అనే సాఫ్ట్‌వేర్ అది. యూజ్‌నెట్‌లోని తెలుగు చర్చల్లో వేల మాటలు అట్ల ఇంగ్లీషు అక్షరాల్లోనే నడిచాయి. అప్పుడెవరన్నా తలుపు కాడ నిలబడి, తెలుగు లిపిలో రాస్తేనే లోపలికి రావాలె అంటే ఆ గుంపు పుట్టకపోను.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. మొదట్లో పట్టుమని పదిమంది లేరు. ఇప్పుడు అందులో వ్యాసాలు లక్ష దాటాయి. ఇది ఎట్ల జరిగిందో నేను చాలా రోజులు గమనించాను. కొత్తగా చేరినవాళ్ళకు ఎవరో ఒకరు స్వాగతం చెప్తారు. ఒక ఊరి పేరు, మండలం పేరు, రెండు వాక్యాలు రాసినా దాన్ని కొట్టిపారెయ్యకుండా మొలక అని పేరు పెట్టి ఉంచుతారు. మొలక అన్న మాటలోనే అంతా ఉన్నది. ఇది తక్కువ అని కాదు, పెరుగుతది అని. చర్చలకు ఒక జాగ పెట్టుకొని దానికి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు.

2006లో వీవెన్ లేఖిని చేశాడు. ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే తెలుగు వస్తుంది. రాసినవాళ్ళందరినీ ఒక్కచోట చూపించే కూడలి కూడా ఆయన చేసిందే. ఆ రోజుల్లో రాసేవాళ్ళు హైదరాబాద్ కృష్ణకాంత్ పార్కులో కలిసి కూర్చునేవాళ్ళు. తెర మీది దోస్తీకి చెట్టు కింది నీడ కూడా కావాల్సి వచ్చింది.

మాటల మీద ఇష్టం ఉన్నవాళ్ళం కాబట్టి ఒక్క సంగతి చూడండి. రాసినదాన్ని వాళ్ళు టపా అన్నారు. మా అవ్వకు టపాల్ అంటే ఇంటికొచ్చే ఉత్తరం, అది మరాఠీలోనూ ఉన్న మాటే. టపా తెలుగా, మరాఠీయా అని ఎవరూ కొట్లాడలేదు. పదిమంది వాడారు, అది నిలబడ్డది. మరి డౌర చేసిన తప్పేంది?

వందలో ఎందరు మాట్లాడతారు

జాకబ్ నీల్సన్ అనే ఆయన 2006లో ఒక మోటు లెక్క చెప్పాడు. ఇట్లాంటి గుంపుల్లో వంద మంది ఉంటే తొంభై మంది ఊరికే చూస్తారు, తొమ్మిది మంది అప్పుడప్పుడు మాట్లాడతారు, ఒక్కరే ఎక్కువ చేస్తారు. ఇది చదివినంక నాకు కాక సంగతి ఇంకా బరువుగా అనిపించింది. ఊరికే చూసే తొంభై మందిలోంచి లేచి వచ్చిన మనిషి ఆయన. ఆయన్ను నేను వెనక్కి కూర్చోబెట్టాను. మిగతా తొంభై మంది అది చూశారు.

నష్టం అక్కడితో ఆగలేదు. గ్రూపు చప్పగా ఉన్న ఆ నెలల్లో మా ఊళ్ళో ఇద్దరు పెద్దవాళ్ళు పోయారు. అందులో ఒకామె మా దిక్కు కాన్పులు చేసిన మనిషి. బాలింతకు పెట్టే తిండికి, పిల్లకు పోసే నీళ్ళకు, పుట్టిన దినాల లెక్కకు ఆమె కాడ వేరే మాటలు ఉండేవి. చిన్నప్పుడు విన్నాను, ఒక్కటి కూడా సరిగ్గా గుర్తులేదు. ఆమె మనుమడు గ్రూపులోనే ఉన్నాడు. అడిగితే పంపేవాడు. నేను అడగలేదు.

మళ్ళీ మొదలు

ఒకనాటి పొద్దుమూకి కాక ఇంటికి పోయాను. తప్పైంది కాకా అన్నాను. ఆయన నవ్వలేదు, కోపం చెయ్యలేదు. చాయ్ పెట్టించి, "నీకు పుస్తకం తెలుగు కావాలె బిడ్డా, నా కాడ చేను తెలుగే ఉన్నది" అన్నాడు. ఆయన ఇప్పటికీ గ్రూపులో గొంతు విప్పడు. మరాఠీ బడిలో చదివే ఆయన మనుమరాలు, తాత చెప్పిన మాటలను దేవనాగరి అక్షరాల్లో రాసి పెడుతది. మొదట్లో అయితే తెలుగు లిపిలో రాయి బిడ్డా అనేవాణ్ణి. ఇప్పుడు అనను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్న అమెరికా పిల్లలకూ, దేవనాగరితో రాస్తున్న మా పిల్లకూ తేడా ఏమున్నది?

తర్వాత కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఏ లిపి అయినా సరే, గొంతు అయినా సరే. ఆదివారం ఆదివారం ఒక్క ఫోటో, ఒక్కటే ప్రశ్న: మీ ఇంట్ల దీన్ని ఏమంటరు? చాట, రోకలి, ఎడ్ల మెడ మీది కాడి, జొన్న కంకి. పాత మాటలు పంపండి అని అడిగితే ఎవరికీ ఏదీ గుర్తు రాదు, చాట ఫోటో పెడితే అందరూ మాట్లాడతారు. మొదటిసారి మాట్లాడినవాళ్ళకు ఆ పొద్దే వరుస పెట్టి బదులు చెప్పాలి: అత్తా, వదినా, తమ్మీ అని. తప్పు అనే మాట ఎవరూ అనొద్దు. మీ కాడ అది, మా కాడ ఇది అని పక్కన ఇంకో మాట పెట్టాలి. నెలాఖరుకు వచ్చినవన్నీ నోటుబుక్కులో రాయాలి, ఎవరు చెప్పారో, ఏ ఊరో కూడా రాయాలి. 2020లో యాహూ గ్రూపులు మూతపడ్డప్పుడు ఏండ్ల తరబడి జరిగిన ముచ్చట్లకు ఇల్లు లేకుండా పోయింది. కాగితం మన ఇంట్లో ఉంటది.

మా గ్రూపు పెద్దగా పెరగలేదు. వంద మందిలో మాట్లాడేది ఇరవై మంది. కానీ నోటుబుక్కులో నలభై పేజీలు నిండాయి. అందులో మొదటి పేజీలో మొదటి మాట డౌర. దాని ఫోటో పెట్టిన ఆదివారం, ఆసిఫాబాద్ దిక్కు ఇచ్చిన మా అక్క రాసింది: "మా అత్తగారింట్ల గూడ డౌరనే అంటరు, గుంటుక అంటె వేరే." తెలంగాణలో ఉన్న ఇంట్లో కూడా డౌరే. హద్దురాయి రెండు దిక్కులా అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మాట. 1956లో గీత గీసినవాళ్ళు డౌరను అడగలేదు.

మీ ఊళ్ళో డౌరను ఏమంటరో ఇంట్ల పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు ఏది చెప్పినా ముందు రాసుకోండి. అది ఏ భాషో మెల్లగా ఆలోచిద్దాం.